పైన నిలబడే వంతు

మా పిల్లలు ఎప్పుడు పడినా ఒకే చోట పడేవాళ్ళు. ఒకటి అనగానే ఇద్దరు అమ్మాయిలు పక్కపక్కన ఒంటి మోకాలి మీద కూర్చుంటారు. రెండు అనగానే మూడో అమ్మాయి వాళ్ళ తొడల మీద పాదాలు పెడుతుంది. మూడుకు ఒక్కొక్కరి భుజం మీద ఒక్కో కాలు పెట్టి ఎక్కుతుంది. నాలుగుకు కిందివాళ్ళిద్దరూ మెల్లగా లేచి నిలబడతారు. వెనక ఇంకో అమ్మాయి చేతులెత్తి కాపు కాస్తుంటుంది. సరిగ్గా మూడుకూ నాలుగుకూ మధ్య, పైన ఉన్న పిల్ల కుడిచెయ్యి తనకు తెలియకుండానే కిందికి జారి, కాలు పెట్టిన భుజాన్ని తాకి, కళ్ళకు అద్దుకునేది. అద్దుకోవడానికి వంగితే బరువు ముందుకు తూలేది. నలుగురూ కలిసి, శెనక్కాయ పొట్టు నింపిన గోనెసంచుల మీద పడేవాళ్ళు. నవ్వుకుంటూ లేచి, మళ్ళీ అదే చేసేవాళ్ళు.

మనిషికి కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవాలని వాళ్ళకు నడక వచ్చిన నాడే నేర్పి ఉంటారు. నాకూ నేర్పారు. నేను మానేశాను. మానేసి, పదిమందిచేత మాన్పించాలని సభల్లో మాట్లాడినదాన్ని. అలాంటి నాకు ఈ పిల్లల చేతిని ఆపడం చేతకాలేదు.

నేను పెనుకొండలో ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. ఉండేది హిందూపురంలో, రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. ఆ ఏడు మా వ్యాయామ ఉపాధ్యాయిని ప్రసూతి సెలవులో ఉంది. బడుల మధ్య కబడ్డీ పోటీలు పెడుతూ, ఆట విరామంలో ఒక్కో బడి తన చీర్‌లీడర్లతో విన్యాసాలు చేయించాలని నిర్వాహకులు రాశారు. టీవీలో ఆటలు చూసి చూసి పుట్టిన కోరిక అది. చీర్‌లీడర్లు అనే మాట పల్లెల్లో వినపడితే పొట్టి గౌన్లే కళ్ళ ముందు మెదులుతాయని మా ప్రధానోపాధ్యాయిని ‘ఉత్సాహ బృందం’ అని పేరు మార్చింది. దానికి నన్ను పెట్టింది.

“నాకు ఆ విద్య రాదమ్మా,” అన్నాను.

“మీరు సభల్లో గొంతెత్తి అరుస్తారు కదా. పిల్లల చేత అరిపించండి. మిగతాది ఫోన్లో చూసుకోండి,” అంది.

ఫోన్లో చూసుకున్నాను. కింద నిలబడి మోసేవాళ్ళు, పైన నిలబడేవాళ్ళు, వెనక కాపు కాసేవాళ్ళు అని మూడు స్థానాలు ఉంటాయని తెలిసింది. ఎవరిని ఎక్కడ పెట్టాలి? మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా తెప్పించి, తొమ్మిది మంది పిల్లల్నీ వరసగా దాని మీద నిలబెట్టాను. బరువైనవాళ్ళు కిందికి, తేలికైనవాళ్ళు పైకి, మధ్యస్థంగా ఉన్నవాళ్ళు వెనక్కి. ఎవరి కూతురు, ఎవరు సిఫారసు చేశారు అన్న మాటే లేదు. మంచి ముహూర్తం చూసి మొదలుపెట్టమని తోటి ఉపాధ్యాయులు అంటే, పట్టుబట్టి రాహుకాలంలో మొదలుపెట్టాను. నా పద్ధతి శాస్త్రీయమైనదని నాకు ఎంత నమ్మకమంటే, ఆ కాటాను మైదానం అంచున అలాగే ఉంచేదాన్ని.

కాటా ముల్లు అందరికంటే ఎక్కువ తిరిగింది ఒక గొర్రెల కాపరి కూతురికి. పదో తరగతి. పొట్టు సంచులు మేమంతా ఇద్దరిద్దరం పట్టుకుని ఈడుస్తుంటే తను రెండు చంకల్లో రెండు పెట్టుకుని నడిచేది. అందరికంటే తక్కువ తూగింది పాతకాలం నుంచి భూములున్న రైతు కుటుంబం పిల్ల. అదే తరగతి. ఇద్దరూ ఒకే బెంచి మీద కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఒకరు కింద, ఒకరు పైన.

చెయ్యి కళ్ళకద్దుకునే సంగతికి వస్తే, ఒకరోజు పిల్లల్ని సంచుల మీద కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడాను. తలకు ఒక రక్తం, పాదానికి ఒక రక్తం ఉండదన్నాను. ఒంట్లో పైభాగం గొప్పది, కిందిభాగం నీచమైనది అనే మాటను మన తలలోకి ఎక్కించాకే, ఊళ్ళో మనుషుల్ని కూడా పైవాళ్ళు, కిందివాళ్ళు అని విడగొట్టడం సులువైందన్నాను. అన్నీ నిజాలే. పిల్లలు చప్పట్లు కొట్టారు. లేచి, ఒకటి, రెండు, మూడు అన్నారు. చెయ్యి జారింది. అందరూ పడ్డారు.

“ఇంతసేపు చెప్పింది ఏమైంది?” అన్నాను కోపంగా.

“నేను పంపీలే మేడమ్,” అంది పైనుంచి పడిన సన్నపిల్ల, ఆ రైతు కుటుంబం అమ్మాయి. “సెయ్యి దానంతట అదే పోతాది.”

కింద నుంచి లేస్తూ కాపరి కూతురు అంది, “అది దేవునికి భయపడి కాదు మేడమ్. కాలు పెడితే మనసుకు ఒక మాదిరిగా ఉంటాది. అంతే. ఎక్కినాక సెయ్యకుండా, ఎక్కకముందే అద్దుకోనీండి. అప్పుడు సెయ్యికి పనుండదు.”

నాకు నచ్చలేదు. ఒక వారం మాత్రం చూద్దామన్నాను. ఒకటికి ముందు ‘సున్నా’ అని ఒక అంకె కలిపాం. సున్నాకు పైపిల్ల కిందివాళ్ళ భుజాలు తాకి కళ్ళకద్దుకుంటుంది. ఆ రోజు నుంచి ఆ చోట పడటం ఆగిపోయింది. నా ఇరవై నిమిషాల ఉపన్యాసం చేయలేని పనిని ఒక అంకె చేసింది. వారం గడిచాక ఆ సున్నాను తీసేయాలన్న సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

మొదటి పోటీ ధర్మవరంలో జరిగింది. పొద్దున రైల్లో వెళ్ళాం. మైదానం పక్క వీధిలో ఇంటింటా మగ్గాల చప్పుడు; మా పిల్లలు ఆ చప్పుడుకే అంకెలు కలిపి నవ్వుకున్నారు. విన్యాసం బాగా వచ్చింది. కబడ్డీలోనూ మా జట్టే గెలిచింది. హిందూపురంలో జరిగే చివరి పోటీకి అర్హత వచ్చిందని అందరూ గంతులు వేస్తుంటే, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కాపరి పిల్ల తండ్రి. బత్తలపల్లి దగ్గర ఎవరి చేలోనో ఎరువు కోసం గొర్రెల మందను ఆపి ఉన్నాడట. మందను తమ్ముడికి అప్పగించి, కూతుర్ని చూద్దామని వచ్చాడు.

“యాడ ఉంటివి పాపా? కండ్లు ఇంతింత సేసుకోని సూస్తానే ఉంటి. కనపడ్లే,” అన్నాడు.

“కిందుంటి నాయనా.”

“కిందంటే?”

“ఆ పిల్లోల్ల కింద. ముందర ఇంకో వరస ఉండె కదా, దాని యెనకాల.”

“ఓహో! ఆ కనపడింది నీ కాళ్ళేనా? అవునా కాదా అనుకుంటి,” అని పెద్దగా నవ్వాడు. తనూ నవ్వింది. బొరుగుల పొట్లం ఆమె చేతిలో పెట్టి, “హిందూపురానికి గూడా వస్తాలే,” అని వెళ్ళిపోయాడు.

తిరుగు రైల్లో ఆ పొట్లం అందరికీ పంచింది. తను మాత్రం తినలేదు. కొంతసేపటికి నా ఎదుటి సీట్లోకి వచ్చి కూర్చుంది.

“మేడమ్, హిందూపురంలో నేను ఒక్కసారి పైకెక్కుతా.”

నేను నవ్వాను. “నువ్వు ఎక్కితే మోసేదెవరమ్మా?”

“నేర్పిస్తే మోస్తారు. వచ్చే ఏడు నేను ఈ బళ్ళో ఉండను. మా నాయన ఇంగొక్కసారే వస్తాడు. మళ్ళా కాళ్ళు సూసి పోవల్లా?”

“ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. బరువు సంగతి. కాటా నా మాట విని ఎక్కువ తక్కువ చూపించదు కదా.”

“బరువు నేను అడిగి తెచ్చుకున్నెది కాదు మేడమ్.” అంది తను. “అయినా కాటా బరువు మటుకే సెప్తాది. ఎవురు యాడ ఉండల్లో అది సెప్పలే. అది మీరు సెప్పింటిరి.”

బోగీలో మా పిల్లలంతా నా వైపు తిరిగారు. తర్వాత సన్నపిల్ల పక్కదాని చెవిలో, నాకూ వినపడేటట్టు అంది, “మేడమ్‌కు మాట రాలే సూడే, ఫస్ట్ టైమ్.”

నిజంగానే రాలేదు. ఎదుటివాళ్ళను చర్చలో ఓడించడానికి నేను వాడిన వాదమే అది. ప్రకృతిలో ఒక తేడా ఉన్నంత మాత్రాన దాని మీద ఎక్కువ తక్కువల మెట్లు కట్టమని ప్రకృతి చెప్పదు. కట్టేది మనుషులే, కట్టి దానికి ప్రకృతి పేరు పెడతారు. ఈ మాట నేను ఎన్ని వేదికల మీద అన్నానో. పుట్టుక చూడలేదని గర్వపడుతూ, ఒక కాటాను తెచ్చి, దాని చేత రెండు నిమిషాల్లో పైవాళ్ళనూ కిందివాళ్ళనూ తేల్చేశాను. రెండు నెలలు ఎవరినీ ఒక్క మెట్టు కదలనివ్వలేదు. పెనుకొండ కొండ కనిపించేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పిల్లలకు కొత్త పద్ధతి చెప్పాను. తొమ్మిది మందీ మూడు స్థానాలూ నేర్చుకోవాలి. ఎవరైనా ఎక్కడైనా నిలబడగలగాలి. అయితే ఒక షరతు. కాపరి పిల్ల పైకెక్కే విన్యాసం, హిందూపురం వెళ్ళే ముందు వరసగా పదిసార్లు పడకుండా రావాలి. రాకపోతే పాత పద్ధతే. ఎముకలు విరిగితే సమానత్వం పేరు చెప్పి అతికించలేను. తను తల ఊపింది.

“ఆమెను ఎవరు మోస్తారు?” అని అడిగాను. ముందుగా చెయ్యెత్తింది సన్నపిల్ల. రెండో భుజానికి ఇంకో అమ్మాయి వచ్చింది. చేతిలో మూడు వారాలున్నాయి.

మోయడం నేర్చుకోవడమే కష్టమని నేననుకున్నాను. పైకెక్కడం అంతకంటే కష్టమైంది. తన బరువు ఇంకొకరి మీద వేయడం ఆ పిల్లకు అసలు రాదు. సగం ఎక్కి, కిందివాళ్ళ మొహం చూసి, దూకేసేది. దూకకపోతే గాలిలో చేతికి ఏది దొరికితే అది పట్టుకునేది.

“పట్టుకోండే! పట్టుకోండే!”

“పట్టుకోనే ఉండామే తల్లీ, నువ్వు నా జుట్టు ఇడువు!”

“ఇడిస్తే పడతా.”

“ఇడవకపోతే నాకు జడ ఉండదు!”

వెనక కాపు కాసే పిల్ల నవ్వు ఆపుకోలేక చేతులు దించేసేది. నేను అప్పుడు మాత్రం గట్టిగా కసిరేదాన్ని. పైన మనిషి ఉన్నంతసేపు కాపు కాసేవాళ్ళు నవ్వినా ఏడ్చినా చేతులు దించకూడదు. ఆ ఒక్క నియమం మీద వాళ్ళకు ఎన్నడూ సడలింపు ఇవ్వలేదు.

రెండో వారానికి మూడుసార్లు వరసగా నిలబడ్డారు. తర్వాత ఐదు. ఆరోసారి కిందివాళ్ళ కాళ్ళు వణికి అందరూ కూలిపోయేవాళ్ళు. ఐదు దాటడం లేదు. సన్నపిల్ల ఇంటికి వెళ్ళి భుజానికి నూనె రాయించుకుంటోందని విన్నాను. విన్న మూడో రోజు వాళ్ళ అవ్వ బడికి వచ్చింది. ఉల్లిపొర రంగు చీర, చేతిలో గొడుగు, నేరుగా మైదానంలోకే.

“ఏమమ్మా, పిల్లోల్లకు కోతాటలు నేర్పిస్తాండేది నువ్వేనా?”

“నేనేనమ్మా.”

“మా పిల్ల పైన నిలబడుకోని ఉండే ఫోటో ఊరంతా సూపిస్తిమి. ఇప్పుడు దాని భుజం మీద ఇంగో పిల్ల కాలు పెడతాదంట. మా ఇంట్లో పుట్టింది ఇంగోరి కాలు మొయ్యల్లా?”

నాకు కావలసిన మాట నోటికి వచ్చేసింది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో కూడా తెలుసు. గొంతు సవరించుకునే లోపలే కాపరి పిల్ల ముందుకొచ్చింది.

“అవ్వా, ఆ ఫోటోలో మీ పిల్ల యాడ నిలబడుకోనుండాది?”

“పైన.”

“పైనంటే దేని మీద? ఆకాశంలో మోడం మీదనా?”

వెనక పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

“నా భుజం మీద అవ్వా. రెండు నెల్లు దాటె.”

అవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. ఫోటోలో కింద ఉన్నవాళ్ళు ఎవరో అప్పటిదాకా ఆమెకు పట్టి ఉండదు. “ఇట్ల రా,” అంది. చొక్కా కాలరు పక్కకు లాగి, భుజం ఎముక మీద వేళ్ళతో నొక్కి చూసింది. అక్కడ చర్మం నల్లబడి గట్టిపడి ఉంది.

“నొప్పి లేదా?”

“మొదట్లో ఉండె. ఇప్పుడు తెలీదు.”

అవ్వ గొడుగు ముడిచి ఒక పొట్టు సంచి మీద కూర్చుంది. “యాదీ, నా ముందర ఎక్కండి సూస్తా.”

సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేచారు. సన్నపిల్ల కాళ్ళు వణకడం మొదలైంది.

“అదేందే, గుంజల మాదిరి మోకాళ్ళు బిగబట్టినావు? మూట ఎత్తుకునేటోల్లు ఎవరన్నా అట్ల నిలబడతారా? రవ్వంత ఇడువు. ఆ. లేసేటప్పుడు గాలి ఇడువు, నిలబడినాక పీల్చు. ఎవురు సెప్పినారే నీకు అట్ల బిగించుకోమని?”

చెప్పింది నేనే. కాళ్ళు నిటారుగా ఉంటే స్తంభంలాగా బరువు నిలుస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. స్తంభం ఊపిరి పీల్చదని, అలసిపోదని ఆ బొమ్మలో లేదు. అవ్వ జీవితమంతా శెనక్కాయ కట్టలు చేలోంచి కళ్ళానికి మోసిన మనిషి. ఆమె చెప్పినట్టు చేస్తే వణుకు తగ్గింది. నా కళ్ళతో చూశాక ఒప్పుకోకుండా ఎలా ఉంటాను? నా పుస్తకంలో ఆ పాత వాక్యం కొట్టేసి కొత్తది రాసుకున్నాను.

అవ్వ సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. పోతూ పోతూ నాతో, “దినమంతా మోపియ్యొద్దమ్మా, లేత ఎముక,” అంది. ఆమె వచ్చింది కులం పట్టింపుతోనా, మనవరాలి భుజం మీది బెంగతోనా? రెండూ ఉన్నాయనే ఇప్పటికీ అనుకుంటున్నాను. నా ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. మర్నాడు సన్నపిల్ల వస్తుందో రాదో అని గేటు వైపు చూస్తూ నిలబడ్డాను. అందరికంటే ముందే వచ్చి సంచులు పరుస్తోంది.

పోటీకి రెండు రోజుల ముందు పది పూర్తయ్యాయి. పదోసారి కాపరి పిల్ల మడమ కొంచెం జారింది; వెనక పిల్ల చేతులు నడుముకు తగిలాయి; నిలదొక్కుకుంది. ఇది లెక్కలోకి వస్తుందా రాదా అని పిల్లలంతా నా మొహం చూశారు. పడకూడదని కదా షరతు. పడలేదు. పది అన్నాను.

హిందూపురంలో మైదానం నిండిపోయింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క కన్నడం, అందరి అరుపులూ కలిసిపోయాయి. మాకు ఇచ్చిన సమయంలో మూడు విన్యాసాలు. మొదటిదాంట్లో కాపరి పిల్ల కింద ఉంది. రెండోదాంట్లో వెనక కాపు కాసింది. ఆ రెండూ అయ్యేలోగా నేను జనంలో ఆమె తండ్రి కోసం వెతికాను. తలపాగాలు చాలా ఉన్నాయి. ఆయన కనపడలేదు. ఆ మాట తనకు చెప్పలేదు.

మూడోది మొదలైంది. సున్నా. ఒకటి. రెండు. మూడు. నాలుగుకు కిందివాళ్ళిద్దరూ లేచారు. పైన ఆ పిల్ల మెల్లగా నిటారై రెండు చేతులూ చాచింది. జనం అరిచారు. నాలుగు నుంచి ఎనిమిది దాకా నిలబడి దిగాలి. నేను లెక్కపెడుతున్నాను. ఎనిమిది అన్నాను. దిగలేదు. తొమ్మిది. తల మాత్రం ఎడమ నుంచి కుడికి తిప్పుతోంది. పది. ముందుకు రెండడుగులు వేసి, “దిగు!” అన్నాను. నా మాట ఆ గోలలో కలిసిపోయింది. దగ్గరగా వెళ్ళేసరికి కింద సన్నపిల్ల గొంతు వినపడింది.

“కనపడినాడా మే?”

“ఇంగా లేదు.”

“బిన్నా ఎతుకు, తొందరగా! నా భుజం పోతాండాది!”

“అందరూ తువ్వాళ్ళే సుట్టుకోనుండారు!”

“కుడిపక్క సూస్తివా?”

“సూస్తి.”

“గోడ మీద? గోడ మీద సూడే!”

సన్నపిల్ల నుదుటి మీద చెమట ధార కడుతోంది. మోకాలు రవ్వంత సడలించి, గాలి వదిలి, పీల్చింది. నేను వెనక కాపు కాసే పిల్ల పక్కన చేరి చేతులెత్తాను. దిగమని ఇంకోసారి అరవగలిగేదాన్నే. కింద మోస్తున్న పిల్ల అనలేదు. అందుకని నేనూ అనలేదు.

“ఆడ!” అంది పైనుంచి. “గోడ మీద! సెయ్యి ఊపుతాండాడు!”

ఒక్క చెయ్యెత్తి ఊపింది. తర్వాత దిగింది, నేర్పిన పద్ధతిలోనే, ఒక్కో మెట్టు.

ఆ రోజు కబడ్డీలో ఓడిపోయాం. విన్యాసాలకు కూడా వేరే బడికి కప్పు వెళ్ళింది. మావాళ్ళు చెప్పిన సమయానికి దిగలేదని తీర్పరులు రాశారు. ఆ తీర్పు సరైనదే. పిల్లలు కొంతసేపు ముఖాలు ముడుచుకున్నారు.

తండ్రి గోడ దిగి వచ్చాడు. కూతురు ఎదురు పరుగెత్తింది.

“కనపడితినా నాయనా?”

“కనపడితివి లే.” తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. “నన్ను పట్టుకునేకి అంతసేపా? నేను గోడెక్కి సెయ్యి ఊపి ఊపి సచ్చినా.”

“పైనుంచి సూస్తే అన్నీ తలకాయలే. ఏది ఎవురిదో తెలీలే.”

“మందలో నేను ఒక్కోదాన్నీ గుర్తుపడతాలేదా?” అని నవ్వి, అంతలోనే మా వైపు తిరిగాడు. “కుడిపక్క నిన్ను మోసిన్నె పిల్ల ఎవురు?”

సన్నపిల్ల నీళ్ళ బాటిల్ భుజానికి ఆనించుకుని కూర్చుని ఉంది. ఆయన వెళ్ళి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు.

“నొప్పి పుట్టిందేమ్మా? దాని బరువు నాకు తెల్సు. నాలుగేండ్లు వచ్చేదాంక భుజం మీద ఎత్తుకోని మంద ఎమ్మడి తిరిగినోన్ని.”

“బరువుదేముంది మామా,” అంది ఆ పిల్ల బాటిల్ తీయకుండానే. “ఊరికే ఉంటే మోయొచ్చు. నీ కూతురు ఆ పక్కకు, ఈ పక్కకు తిరిగి తిరిగి సంపింది.”

ఆయన చేతిలోని తువ్వాలు నీళ్ళతో తడిపి, మడిచి, ఆ భుజం మీద వేసుకొమ్మని ఇచ్చాడు.